మా వానితో కలిసి బీరు పులియబెట్టిన సంగతి

చీనీ తోటలకు నీళ్లు కట్టుకుంటా, మధ్యాన్నం పూట ఫోన్ చూసుకునే మన వాళ్లందరికీ ఈ పోస్టు. ఎప్పుడూ జీవామృతం, చీనీలో కొమ్మ ఎండు, అరటి రేటు అని రాస్తాంటి గదా. ఈసారి వేరే సంగతి. చదివి నవ్వుకోండి, తిట్టుకోండి, మీ ఇష్టం. శానా దినాల నుంచి రాయాల్నా వద్దా అని మనసు కొట్టుకుంటాంది.

పోయిన సంవత్సరం, 2025 మే నెలలో, నేనూ మీ వదినా అమెరికాకు పోయినాం. టెక్సాస్ లో డల్లాస్ పక్కన ఫ్రిస్కో అని ఊరు. మావాడు ఆడ సాఫ్ట్‌వేర్ లో ఉన్నాడు. తోట తమ్మునికి అప్పజెప్పి, మోటారు స్టార్టరు ఎట్ల కొట్టాల్నో పదిసార్లు చెప్పి, గండి స్వామికి ఒక టెంకాయ కొట్టి బయల్దేరినాం. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది. శనివారం పోతే మనోళ్లు ఎంతమందో. ప్రొద్దుటూరు మాట, జమ్మలమడుగు మాట, అన్నీ ఆ గుడి ముందర వినపడతాయి. శ్రావణమాసంలో గండిలో ఉన్నట్టే అనిపించింది, పాపాఘ్ని ఒక్కటే తక్కువ.

సంగతేందంటే, పోయిన మూడో వారం ఒక అట్టపెట్టె వచ్చింది. మావాడు పండగ మాదిరి సంబరంగా విప్పినాడు. తెల్లటి ప్లాస్టిక్ బకెట్, మూత, మూతకు ఒక బెజ్జం, బెజ్జంలో పెట్టే చిన్న గాజు మాదిరి గొట్టం, నల్లగా చిక్కగా పాకం ఉన్న డబ్బా, గుడ్డ సంచిలో గింజలు, పచ్చటి గుళికలు, చిన్న పొట్లంలో పొడి. నేను ఎరువుల కిట్టు అనుకున్నా. "ఏం మందురా ఇది?" అంటే వాడు కొంచెం తల గోక్కొని, "నిజంగా మందే నాయనా. ఇంట్లో బీరు చేసుకునే కిట్టు" అన్నాడు.

మీ వదిన వంటింట్లోంచి బయటికొచ్చి, "గండి స్వామికి మొక్కుకున్నోని ఇంట్లో ఇదేం పని?" అనింది. మొక్కు సంగతి తర్వాత చెప్తా.

ముందుగా ఒక మాట. మన దగ్గర ఇది చేయగూడదు. లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేసినా, సారాయి కాచినా ఎక్సైజు చట్టం కింద కేసే. ఈ పోస్టు చూసి ఎవరన్నా కిట్టు తెప్పించుకుని తర్వాత స్టేషన్లో కూర్చోని నా పేరు చెప్పొద్దు. అమెరికాలో మాత్రం ఇంటి వాడకానికి చేసుకోవచ్చంట. ఇంట్లో పెద్దోడు ఒక్కడే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరో అంతకుమించో ఉంటే 200. అమ్మగూడదు. 200 గ్యాలన్లంటే మన లెక్కలో 757 లీటర్లు. మా పాల క్యాన్లతో కొలిస్తే పందొమ్మిది క్యాన్ల మాట.

అమెరికాలో కూడా 1920 నుంచి 1933 దాకా మద్యపాన నిషేధం ఉండె. అప్పుడు ఈ పాకం డబ్బాలనే రొట్టెలు చేసుకోను అని చెప్పి అమ్మినారంట. కొన్నోళ్లందరూ రొట్టెలే చేసుకున్నారని మీరు నమ్మితే నేనూ నమ్ముతా. నిషేధం ఎత్తేసినాక ఇంట్లో ద్రాక్ష సారా చేసుకోవచ్చన్నారు గానీ బీరును మర్చిపోయినారు. 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టినాక బీరుకూ దారి దొరికింది. కార్టర్ ఎవరనుకుంటిరి? జార్జియాలో శెనక్కాయల రైతు. మన పంటోడే. ఈ ముక్క చదివినాక ఆ బకెట్ మీద నాకు కొంచెం కోపం తగ్గింది.

ఇంక పని. ఆదివారం పొద్దున మొదలుపెట్టినాం. నేను చూస్తా కూర్చుంటా అనుకుంటి గానీ, చేతులు ఊరుకోవు గదా.

గింజలంటే బార్లీ. ఊరికే బార్లీ కాదు, మొలక కట్టించి ఎండబెట్టి వేయించిన బార్లీ. దాన్నే మాల్ట్ అంటారు. మన ఇండ్లలో రాగులు నానబెట్టి, గుడ్డలో మూట కట్టి, మొలకలొచ్చినాక ఎండబెట్టి, పిండి చేసి పిల్లోళ్లకు తాపుతాం చూడండి, అదే పని. గింజ మొలకెత్తేటప్పుడు లోపలుండే పిండిని తీపిగా మార్చే గుణం పుడుతుంది. మొక్క కోసం గింజ దాచుకున్న అన్నం అది. దాన్ని మనిషి మధ్యలో ఎత్తుకుపోతాడు. ఆ సంచిని వేడినీళ్లలో, మరీ మసలకుండా, అరగంట ఉంచినాం. వాసన అచ్చం రాగి మాల్ట్ వాసనే. మీ వదిన ముక్కు మూసుకోను వచ్చి, వాసన చూసి, ఏమీ అనకుండా పోయింది.

తర్వాత డబ్బాలో పాకం పోసినాం. ఇది ఆ మాల్ట్ నీళ్లనే కాచి చిక్కబెట్టిన పాకం, మన బెల్లం పెనంలో తీగపాకం రంగు. దాన్ని గంటసేపు కాచాల. పొంగు వచ్చేటప్పుడు వాడు ఫోన్లో ఏదో చదువుతాండె. నేను "పొంగుతాంది రోయ్" అని గరిటె తీసుకునే లోపల పొయ్యి మీదంతా పడిపోయింది. బెల్లం వండేకాడ చిన్నప్పుడు నిలబడినోన్ని నేను, పొంగు ఎప్పుడొస్తాదో కండ్లతో చూడకుండానే తెలుస్తాది. ఆ పొయ్యి కడగను మా కోడలికి గంట పట్టింది.

పచ్చ గుళికలు అంటే హాప్స్. అదొక తీగ మొక్క. వాషింగ్టన్ రాష్ట్రంలో యాకిమా అనే లోయలో ఎక్కువ పండిస్తారంట. మావాడు వీడియో చూపించినాడు. ఎత్తు స్తంభాలు, తీగలు, పైకి పాకిన పచ్చటి మొక్కలు. మన చెన్నూరు తమలపాకు తోటలు గుర్తొచ్చినాయి. దాని పూమొగ్గలే చేదు ఇస్తాయి, బీరు చెడిపోకుండా కూడా కాపాడతాయి. మొదట్లో వేస్తే చేదు, ఆఖర్లో వేస్తే వాసన. ఒక గుళిక నోట్లో వేసుకున్నా. వేపాకు నయం.

కాచినాక తొందరగా చల్లార్చాల. సింకులో ఐసు పోసి గిన్నె పెట్టినాం. తర్వాత బకెట్లో పోసి నీళ్లు కలిపి 5 గ్యాలన్లు చేసినాం, అంటే 19 లీటర్లు. అప్పుడు వాడొక గాజు కడ్డీ తీసి దాంట్లో ముంచినాడు. చూస్తే డెయిరీలో పాలకు ముంచే లాక్టోమీటరే! అదే పని చేస్తాది, నీళ్లకన్నా ఎంత చిక్కనో చెప్తాది. నీళ్లకు 1.000 అయితే మాకు 1.045 వచ్చింది. ఆ చిక్కదనం తీపిది. పొడిలో ఉండే ఈస్ట్ ఆ తీపి తిని, మత్తునూ గాలినీ ఇడుస్తాది. తీపి తగ్గేకొద్దీ కడ్డీ కిందికి మునుగుతాది. ఎంత మునిగిందో చూసి మత్తు లెక్క కట్టొచ్చు. కొలిచేది పాలోడు కాదు, మనమే. అందుకని ఆ కడ్డీ నాకు బాగా నచ్చింది.

ఇక్కడొక తేడా చెప్పాల. మనం జీవామృతం చేసేటప్పుడు 200 లీటర్ల నీళ్లలో పేడ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి వేస్తాం. మట్టి ఎందుకు? మన చేను పురుగు దాంట్లోకి రావాలని. అందరూ రాండి అని తలుపు తీసి పెడతాం. ఈ బీరు దానికి తిరగబడి. ఒక్క ఈస్టు తప్ప ఇంకేదీ లోపలికి రాగూడదు. గిన్నె, గరిటె, గొట్టం, మూత, మా చేతులు, అన్నీ ఏదో మందునీళ్లలో ముంచినాం. నేను అలవాటు కొద్దీ వేలు పెట్టి కలపబోతే మావాడు ఎగిరి పట్టుకున్నాడు. మన వేళ్ల మీద ఎన్ని చేన్లున్నాయో వానికేం తెలుసు.

మూత పెట్టి, గొట్టంలో నీళ్లు పోసి, లోపలి గదిలో అల్మారాలో పెట్టినాం. గ్యారేజీలో పెడదామంటే టెక్సాస్ ఎండ మన పులివెందుల ఎండకు అన్న. ఈస్టుకు 20 డిగ్రీలు ఉంటే మేలంట. ఇంట్లో ఏసీ 24లో ఉండె.

ఒక రాత్రి గడిచింది, బుడగ లేదు. పక్కరోజు సాయంత్రం దాకా లేదు. వాడు అల్మారా తలుపు తీయను మూయను. రాత్రి ఒంటిగంటకు లేచి కూడా చూసినాడు. పది నెలల దూడకు జ్వరమొచ్చినట్టు. నేను మూత అంచు చుట్టూ చేయి పెట్టి చూసినా. ఒకపక్క సన్నగా గాలి తగులుతాంది. మూత బిగియలేదు, గాలి గొట్టంలోంచి పోకుండా అంచులోంచి పోతాంది. మోకాలు పెట్టి మూత అదిమినా. కొంచెం సేపటికి గొట్టంలో నీళ్లు ఒక్కసారి ఎగిరి "బుడుక్" అనింది. మళ్లీ బుడుక్. మావాడు చిన్నప్పుడు పాపాఘ్నిలో మొదటిసారి చేప పట్టినప్పుడు నవ్వినట్టు నవ్వినాడు. వాని ముఖంలో ఆ నవ్వు చూసి శానా ఏండ్లయింది.

మూడోరోజుకు అల్మారాలోంచి వాసన మొదలైంది. పులుపూ తీపీ కలిసిన వాసన. నేను హాల్లో పడుకుంటాంటి. రాత్రి మెలకువొచ్చింది. ఇంక నిద్ర పట్టలేదు.

ఆ వాసన నాకు తెలుసు. బెల్లం ఊట వాసన. నా చిన్నప్పుడు మా కొండ మాటున కుండల్లో బెల్లం, తుమ్మచెక్క వేసి ఊట పెట్టేటోళ్లు, తర్వాత సారాయి కాచేటోళ్లు. తర్వాత సర్కారోళ్లదే సారా ప్యాకెట్లు వచ్చినాయి, వారుణి వాహిని. మా పెద్దన్న మొదట శనివారం సంతకు పోయినప్పుడే తాగేటోడు. తర్వాత పని దినాల్లో సాయంత్రం. తర్వాత పొద్దునే. మూడెకరాల భాగం అమ్మేసినాడు. కాళ్లు వాచినాయి, కడుపులో నీళ్లు పట్టినాయి, కండ్లు పసుపు పచ్చ. 1991లో పోయినాడు. నలభై ఏండ్లు కూడా లేవు. ఇద్దరు ఆడపిల్లలు. దినాలు అయిపోయినాక నేను గండికి నడిచిపోయి, ఏట్లో మునిగి, స్వామి ముందర నిలబడి జన్మలో చుక్క ముట్టనని మొక్కుకున్నా. అదీ మొక్కు. మరుసటి ఏడు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్లు సారా అంగడి మూయించినారు, రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబర్ నుంచి సారాయి నిషేధం వచ్చింది. 1995లో రామారావు మొత్తం మందే ఆపినాడు, రెండేండ్లకు మళ్లీ తెరిచినారు. మా వదిన పేపర్లో దూబగుంట రోశమ్మ ఫోటో చూసి, "ఇంకొక్క ఏడాది ముందు పుట్టాల్సింది ఈ గలాటా" అనింది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

మావాడు 1994లో పుట్టినాడు. వానికి పెదనాయన పచ్చకామెర్లతో పోయినాడని చెప్పినాం. ఆడపిల్లల పెండ్లిళ్లు కావాల గదా, ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు. తర్వాత అలవాటైపోయింది.

తెల్లారి కాఫీ తాగేటప్పుడు వానికి చెప్పినా. ముప్ఫై ఏండ్లు దాచింది పది నిమిషాల్లో అయిపోయింది. వాడు కప్పు కింద పెట్టి అట్లే కూర్చున్నాడు. కాసేపటికి, "నేను వారానికి రెండు కన్నా తాగను నాయనా" అన్నాడు. నేను, "మా అన్న కూడా సంత రోజే తాగేటోడు" అన్నా. అనకుండా ఉండాల్సింది. వాడు లేచి ఆఫీసు గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

సాయంత్రం వాడే వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "తాగను కొనుక్కుంటే దొరుకుతాది నాయనా, దీనికన్నా తక్కువకే దొరుకుతాది. పదేండ్లుగా పొద్దంతా స్క్రీను చూస్తా. సాయంత్రానికి నేను చేసిందేందో చేత్తో చూపించలేను. నువ్వు గెల చూపిస్తావు, కాయ చూపిస్తావు. నాకూ ఏదన్నా పుట్టేది చూడాలనిపించింది" అన్నాడు.

నాకు జవాబు రాలేదు. మన బిడ్డలను మట్టి నుంచి తప్పించాలని ఎంత కష్టపడి చదివించినామో మీకు తెలుసు. బకెట్ పారబోయమని చెబుదామని ఆ పొద్దంతా మాటలు కూడబెట్టుకుంటి. చెప్పలేదు.

పదోరోజుకు కడ్డీ ముంచితే 1.016. జూలై 4 వాళ్లకు స్వతంత్ర దినం, స్నేహితులు వస్తారు, ఆ పొద్దే సీసాల్లో పోసేద్దామన్నాడు. నేను ఒప్పుకోలే. కడ్డీ ఇంకా దిగుతాంది, అంటే లోపల ఇంకా తింటానే ఉంది. పులుపు ఆగకముందే మూత బిగిస్తే గాలి యాడికి పోతాది? గోలిసోడా సీసా పగిలినట్టు పగులుతాది, గాజు కంట్లో పడుతుంది. జీవామృతం డ్రమ్ముకు మూత గట్టిగా బిగించి ఒకసారి నేను స్నానం చేసినంత పనైంది, ఆ అనుభవం. వాడు గొణుక్కున్నాడు గానీ ఆగినాడు. పద్నాలుగో రోజు 1.011. మూడురోజులు ఆగి చూస్తే మళ్లీ 1.011. అప్పుడు అయిపోయినట్టు. మత్తు నాలుగున్నర శాతం దాకా అని లెక్క తేలింది. స్నేహితులు జూలై 4కు వచ్చి నిమ్మకాయ నీళ్లు తాగిపోయినారు.

సీసాల్లో పోసేటప్పుడు మొత్తానికి 120 గ్రాముల చక్కెర కాచి కలపాల. మిగిలిన ఈస్టు ఆ కొంచెం తిని సీసాలోనే గాలి పుట్టిస్తాది, అదే నురగ. నేను తక్కెట్లో తూచినా, వాడు కప్పుతో కొలుస్తానంటే వద్దన్నా. యూరియా కొలిచినట్టు చేటతో కొలిచే పని కాదిది. 50 సీసాలు అయినాయి. మూతల మీద వాడు తేదీ రాస్తాంటే, నేను మూత నొక్కే పిడి నొక్కినా. మీ వదిన కూడా వచ్చి సీసాలు అందించింది. ఏమీ మాట్లాడలేదు, అందించింది.

ఉడికిన గింజలు పెరట్లో వంకాయ మొక్కల మొదట్లో వేసినా. పెద్ద బీరు ఫ్యాక్టరీల్లో మిగిలిన ఈ గింజలు పాడి రైతులకే పోతాయి, ఆవులకు మంచి దాణా. అంత గింజ చూసి మా జెర్సీ ఆవు గుర్తొచ్చి మనసు పీకింది.

రెండు వారాలు ఆగి మొదటి సీసా తెరిచినాం. "ఫ్స్" మనింది. గాజు గ్లాసులో తేనె రంగు, పైన వేలెడు నురగ. వాడు నా వైపు చూసినాడు. నేను గ్లాసు చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసినా, వాసన చూసినా, తిరిగి వాని చేతికిచ్చినా. 34 ఏండ్ల మొక్కు. వాడు అడగలేదు, నేను చెప్పలేదు. కోడలు ఒక గుటక తాగి, "మామా, అరటిపండు వాసనొస్తాంది" అనింది. నిజమే. ఈస్టు వేడిగా పనిచేస్తే అట్లా అరటి వాసన పుడుతుందంట, మా ఏసీ 24లో ఉండె గదా. పులివెందుల అరటి టెక్సాస్ దాకా వెంబడి వచ్చిందని అందరం నవ్వినాం. మావాడు సగం గ్లాసు తాగి, "బాగలేదు గదా నాయనా?" అన్నాడు. తాగనోన్ని నన్ను అడుగుతాడు! "మొదటి కాపు అట్లనే ఉంటాది, చీనీ కూడా మొదటి కాపు పులుపే" అన్నా.

ఆగస్టులో కువైట్ వార్త వచ్చింది. కల్తీ మందు తాగి 23 మంది చనిపోయినారని ఆడి ఆరోగ్య శాఖ చెప్పింది. మెథనాల్ విషం. కండ్లు పోయినోళ్లు, కిడ్నీలు పోయినోళ్లు కూడా. మన జిల్లాలో కువైట్ లో మనిషి లేని ఊరు లేదు. మా వీధిలో మూడిండ్లకు ఫోన్లు చేసినా, మనోళ్లంతా బాగున్నారని తెలిసేదాకా అన్నం పోలేదు. మావాడు అప్పుడు చెప్పినాడు, గింజ పులిస్తే ఆ విషం రాదు నాయనా, ఫ్యాక్టరీ స్పిరిట్ కలిపితే వస్తాదని. కలిపేటోనికి తెలుసు, తాగేటోనికి తెలీదు. కువైట్ లో ఉన్న మన పిల్లోళ్లకు ఈ ఒక్క ముక్క చదివి వినిపించండి. ఆడ మందు దొరకదు. దొరికిందంటే అది ఏందో చెప్పేటోడు ఉండడు.

సెప్టెంబర్లో తిరిగొచ్చినాం. వచ్చేముందర రాత్రి అల్మారా తలుపు తీసి సీసాలు లెక్కపెట్టినా. 43. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూసినా, వాడే. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. నేను తలుపేసినా.

ఇప్పుడు ఆదివారం ఆదివారం వీడియో కాల్ చేస్తాడు. తోట చూపించమంటాడు, నేను ఫోన్ పట్టుకుని చీనీ సాళ్ల మధ్య తిరుగుతా, కాయ ఎంతుందో చూపిస్తా. అది అయినాక వాడు ఫోన్ తీసుకుని పోయి, నేను అడక్కుండానే, అల్మారా తలుపు తీస్తాడు. పోయిన వారం 31 ఉన్నాయి. ఈ వారమూ 31 ఉన్నాయి.